గుల్ల దిమ్మ

మా బావ చెప్పుని ఐసులో గడ్డ కట్టించి నడిసముద్రానికి పంపిన ఘనత నాది. ఎడమకాలి చెప్పు. దాని కోసం ఆయన రేవంతా వెతికాడు, మా అక్కని కసిరాడు, వీధి కుక్కలన్నిటినీ అనుమానించాడు, చివరికి ఒంటిచెప్పుతోనే బోటెక్కాడు. సముద్రం మీద చేపలు పడ్డాక ఐసు పగలగొడుతుంటే దిమ్మ నడుమలోంచి చెప్పు బయటపడిందట. బోటులో వాళ్లందరూ కడుపు పట్టుకుని దొర్లారట. మా బావ మాత్రం దాన్ని తీసి, దులిపి, కాలికేసుకుని, "చల్లగా బాగుంది" అన్నాడట. అట్లాంటి మనిషి. ఆయన్ని ఏడిపించాలని నేను పెళ్లినాటి నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాను, నా వల్ల కాలేదు.

నేను రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. చదువు మనకి అంటలేదు. పంతులు నన్ను బడిలోంచి పంపేశాడో, నేనే పంతుల్ని బడిలో వదిలేసి వచ్చానో ఇప్పటికీ తేలలేదు. కానీ ఐసు కట్టడానికి చదువెందుకు? పెద్ద ఉప్పునీళ్ల తొట్టి, పైన చెక్క మూతలు, మూతల కింద రేకు డబ్బాలు. డబ్బాల్లో మంచినీళ్లు పోసి తొట్టిలో దించుతాం. కంప్రెసరు రేయింబవళ్లు దడదడలాడుతూ ఉప్పునీళ్లని చల్లబెడుతుంది. డబ్బాలో నీళ్లు అంచుల్నుంచి లోపలికి గడ్డ కడుతూ వస్తాయి. అన్నిటికన్నా ఆఖరున గట్టిపడేది నడుమ. అది గట్టిపడేదాకా ఓపిక పట్టడమే మా విద్య.

అందుకే బావ ఐసు తీసుకునేటప్పుడు ప్రతి దిమ్మనీ వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే గట్టిది. డబ్బుమంటే లోపలింకా నీళ్లున్నాయని, గుల్లదని.

"ఏం బావా, పుచ్చకాయలు కొంటున్నావా?" అనేవాణ్ణి.

"నీ బుర్ర కన్నా గట్టిగా ఉందో లేదో చూసుకుంటున్నా బామ్మర్దీ" అనేవాడు.

మా ఇళ్లు రెండూ ఒకే గోడకి అటూ ఇటూ. అటు అక్కా బావా, ఇటు నేనూ నా పెళ్లామూ. బావ బోటు నడుపుతాడు. అది వాళ్ల సొంతం, అక్క ఒంటి మీద బంగారమంతా ఆ బోటు అడుగు చెక్కల్లో ఉందని చెప్పుకునేవాళ్లం. నా పెళ్లాం రేవు షెడ్డులో చేపలు ఏరుతుంది, ఏది మంచిదో ఏది మెత్తబడిందో. ఆమెది కొండ మీది ఊరు. వాళ్లమ్మ, అంటే మా అత్త, వెదురు బుట్టలల్లుతుంది. మా రేవులో చేపలు మోసే బుట్టల్లో సగం ఆవిడ చేతివే. అంటే బావ పట్టేవాడు, నేను చల్లబెట్టేవాణ్ణి, నా పెళ్లాం ఏరేది, అత్త అల్లిన బుట్టల్లో జనం మోసుకుపోయేవాళ్లు. ఒక్క చేప కోసం ఇంతమంది చుట్టాలం.

ఆ ఏడాది చేపల సీజను మొదలైన వారమే రేడియోలో ఆర్థికమంత్రి మాట్లాడాడు. గొంతు చాలా మర్యాదగా ఉంది. పన్ను పీకే ముందు మాట్లాడేటట్టు. దేశానికి అప్పిచ్చినవాళ్లు గట్టిగా అడుగుతున్నారట, ఇంకో దారి లేదట. కరెంటు మీద సర్కారు భరిస్తున్న సబ్సిడీ ఎత్తేస్తున్నారట. దాంట్లో మిగిలింది పెట్టి ఇన్నాళ్లూ చీకట్లో ఉన్న ఊళ్లకి తీగలు లాగుతారట.

నా పెళ్లాం చేతిలో గిన్నె కింద పెట్టింది. "మా ఊరికి కూడానా?"

"మీ ఊరికే ముందు. మీ అమ్మ మొహం వెలుగులో చూసి జనం జడుసుకోకుండా ఊరంతా చాటింపు వేసి మరీ ఇస్తారు."

ఆమె నవ్వలేదు. గోడ అవతలి నుంచి అక్క గొంతు వినిపించింది. "ఒరే తమ్ముడూ! మరి మీ ఫ్యాక్టరీ కరెంటో?"

నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. నిజంగా. మంత్రి ఎవరి గురించో మాట్లాడుతున్నాడనుకున్నాను.

*

మా ఓనరు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ప్రాణం తేలిక చేసుకునేవాళ్లం. కొత్త బిల్లు పట్టుకుని తొట్టి పక్కనే కూలబడి, "చూడండయ్యా" అన్నాడు. ఎవరమూ చూడలేదు. చూస్తే మాత్రం తగ్గుతుందా?

"పగటి కరెంటుకి ఒక రేటు, రాత్రి కరెంటుకి ఒక రేటు పెట్టారు. రాత్రిది కాస్త చవక. రాత్రంతా నడిపి పగలు ఆపేస్తే ఈ సీజను గట్టెక్కుతాం. లేదంటే ఇవాళే తాళం."

కంప్రెసరు చూసేవాణ్ణి మేం డాక్టరని పిలిచేవాళ్లం. స్క్రూడ్రైవరు కొన మిషను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని గుండె చూసినట్టు చూస్తాడు గనక. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది ముసలి ప్రాణం. పడుకోబెడితే లేవదు. అదీగాక పొద్దుటికి దిమ్మల్లో నడుమ గట్టిపడదు. గుల్లవి వస్తాయి."

"గుల్లవైనా ఐసే కదా" అన్నాడు ఓనరు.

"సగం ఐసు" అన్నాడు డాక్టరు.

"మరి సగం తీసుకుంటారా, మొత్తం మూసేద్దామా? మీరే చెప్పండి. చేతులెత్తండి."

ఫ్యాక్టరీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, కంప్రెసరు మోగుతూ ఉన్నా. నాకేమో మౌనం పడదు. "నేను బళ్లో ఎప్పుడూ చెయ్యెత్తలేదు, ఆ బాకీ ఇప్పుడు తీరుస్తా" అని ఎత్తేశాను. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఎత్తారు. ఆఖరున డాక్టరు కూడా ఎత్తాడు, స్క్రూడ్రైవరున్న చెయ్యి.

బావ ఐసుకొచ్చిన రోజు దిమ్మలన్నీ జారుడు బల్ల మీద వరసగా పెట్టాను. పైకి తళతళలాడుతున్నాయి. ఆయన వంగి కణుపుతో కొట్టాడు. డబ్. పక్కదాన్ని కొట్టాడు. డబ్. ఇంకోదాన్ని. ఆ తర్వాత కొట్టడం మానేసి నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, ఈసారి దిమ్మతో పాటు లోపల మంచినీళ్లు ఉచితం" అన్నాను.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ ఇంతే."

"పక్క రేవులో?"

"వాళ్లు తాళమేసి వారమైంది."

సముద్రం వైపు చూశాడు. ఆ ఏడాది గాలి మంచిగా తిరిగింది. దూరం పోయిన బోట్లకి చేపలు ఎగబడుతున్నాయని కబురు. ఏళ్ల తరబడి చూడనంత చేప.

"దగ్గర్లోనే వల వేసుకుని వచ్చెయ్ బావా. ఈ ఐసు ఎక్కువ ఆగదు."

"దగ్గర్లో చేపుంటే దూరమెందుకు పోతాం రా?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. "ఇంకొన్ని ఎక్కువ వెయ్యి. సగం ఐసైతే రెట్టింపు తీసుకుపోదాం, లెక్క సరిపోద్ది."

లెక్క సరిపోదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. గుల్లది పగిలిందంటే లోపలి నీళ్లు కారి చుట్టూ ఉన్న ఐసుని కూడా తినేస్తాయి. మేమిద్దరం కలిసి బోటు కడుపు నింపాం. ఆయన ఎక్కేటప్పుడు నేను ఆయన కాళ్ల వంక చూశాను. రెండు చెప్పులూ ఉన్నాయి. ఆయన కూడా చూసుకుని, "ఏమీ దాచలేదేంటి ఈసారి?" అన్నాడు.

"నువ్వు తిరిగొచ్చాక దాస్తా."

*

బోటు తిరిగొచ్చిన పొద్దున నీళ్లలో బాగా మునిగి వస్తోంది, గట్టు మీద నుంచే కనిపించింది. అంత బరువు. అక్క రేవుకి పరుగెత్తుకొచ్చింది. పక్క బోట్ల వాళ్లు ఈలలు వేశారు. "దండిగా కొట్టావు అన్నా!" అని ఎవరో అరిచారు. బావ మాత్రం చెయ్యి ఊపలేదు. తాడు విసిరి ఊరుకున్నాడు.

మూతలు తీశాక ఈలలు ఆగిపోయాయి. కంపు ఇంకా లేదు, కానీ చేప మెరుపు పోయింది. చేపల కింద ఐసు లేదు, నీళ్లున్నాయి.

షెడ్డులో ఏరే బల్ల ముందు నా పెళ్లాం నిలబడింది. ఆమె పని ఇదీ: చేప పొట్ట మీద బొటనవేలితో నొక్కుతుంది. వేలు తియ్యగానే పైకి లేస్తే మంచిది, లారీ కోసం కుడివైపు బుట్టలో. గుంట అట్లాగే ఉండిపోతే ఎడమవైపు, కోళ్ల మేత మిల్లుకి. బల్లకి అవతలి పక్క అక్క నిలబడింది. చుట్టూ కొనేవాళ్లు చూస్తున్నారు. చుట్టరికం చూపకూడని చోటు అది.

నొక్కింది. ఎడమ. నొక్కింది. ఎడమ. ఎడమ. ఒకటి కుడి. మళ్లీ ఎడమ.

"మరదలా, ఇంకోసారి చూడు" అంది అక్క.

"చూశాను వదినా."

"నీ వేలు బరువుగా పడుతోందేమో."

నా పెళ్లాం చేతిలో ఉన్న చేపని తిప్పి అక్క ముందు పెట్టింది. "నువ్వే నొక్కు."

అక్క కొనేవాళ్ల వంక చూసింది, బావ వంక చూసింది. బావ బోటు కడుక్కుంటున్నాడు. అప్పుడు తన బొటనవేలు పెట్టి, పసిబిడ్డని ముట్టుకున్నట్టు, మెల్లగా నొక్కింది. వేలు తీసింది. గుంట అట్లాగే ఉంది. లేస్తుందేమోనని కాసేపు చూసింది. ఆ తర్వాత ఆ చేపని తనే తీసి ఎడమవైపు వేసింది.

నేను పక్కనే ఉన్నాను. నా నోట్లో ఒక్క వేళాకోళం లేదు. వెతికినా దొరకలేదు.

ఆ సాయంత్రం గోడ అవతల గిన్నెలు పగిలినంత చప్పుడైంది. తర్వాత అక్క మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీ అమ్మ బుట్టలు అల్లుకోవడానికి దీపం కావాల్సొచ్చింది. దానికి మా బోటు ముంచారు."

"వదినా, మా అమ్మ దీపం అడగలేదు."

"నువ్వు సంబరపడ్డావా లేదా? రేడియో విని సంబరపడ్డావా లేదా?"

"పడ్డాను." నా పెళ్లాం లేచి నిలబడింది. "మా ఊళ్లో ఆసుపత్రి గది ఉంది వదినా. గదిలో ఫ్రిజ్ ఉంది. పాము మందు పెట్టడానికని ఎప్పుడో సర్కారిచ్చింది. తీగ లేదు. దాంట్లో నర్సమ్మ తన బట్టలు మడతపెట్టి పెట్టుకుంటుంది. పాము కరిస్తే మా తమ్ముణ్ణి ఆ ఫ్రిజ్ ముందే పడుకోబెట్టారు. వాడు ఆ బట్టలు చూస్తూ పోయాడు. అందుకని సంబరపడ్డాను."

ఇద్దరూ నా వంక చూశారు, నేనేదో తీర్పు చెప్తానన్నట్టు. నేనేం చెప్తాను? ఇద్దరి మాటా నిజమే. ఒకటి అబద్ధమైతే ఎంత బాగుండేది.

*

రేవంతా కలిసి కరెంటు ఆఫీసుకి పోదామని అనుకున్నాం. అందరూ అట్టముక్కల మీద నినాదాలు రాసుకున్నారు. నాకు రాత సరిగా రాదు గనక నా పద్ధతిలో పోదామనుకున్నాను. ఒక దిమ్మలో బల్బు పెట్టి గడ్డ కట్టించి, తీసుకెళ్లి ఇంజనీరు బల్ల మీద పెట్టాలి. "మేడమ్, మీ వెలుగు, మా ఐసు, రెండూ కలిపి తెచ్చాం" అనాలి. కరిగి ఆ బల్ల మీది కాగితాలన్నీ తడిసి ముద్దవ్వాలి. ఇదీ నా పథకం.

కానీ ఒక చిక్కుంది. గాజు ఐసులో బతకదు. ఇదివరకు సీసాలు పెట్టి చూశాను, కోడిగుడ్లు పెట్టి చూశాను. నడుమ గట్టిపడేటప్పుడు అన్ని వైపులా బిగుసుకుని నలిపేస్తుంది. అందుకే చెప్పులూ టోపీలూ తప్ప వేరే వాటి జోలికి పోయేవాణ్ణి కాదు. అయినా ఫ్యాక్టరీ గుమ్మం మీది గుండు బల్బు విప్పి, మేకు బరువు కట్టి, డబ్బాలో వేలాడదీశాను. పగిలినా నష్టం లేదు, పగిలిన బల్బు ఇంకా బాగుంటుంది అనుకున్నాను.

పొద్దున డబ్బా బోర్లించి దిమ్మ జారగానే డాక్టరు, "ఇదేంట్రా!" అన్నాడు.

బల్బు చెక్కు చెదరలేదు. చుట్టూ గోడలా ఐసు. నడుమ పిడికెడు నీళ్లు. ఆ నీళ్లలో బల్బు, ఊయల్లో బిడ్డలాగా కదులుతోంది.

"గుల్లది కదా" అన్నాడు డాక్టరు. "నలపడానికి లోపలికి చేరలేదు."

తోపుడుబండి మీద రంపపు పొట్టు పోసి, దిమ్మని గోనెసంచితో కప్పి, నేనూ బావా తోసుకుంటూ పోయాం. ఆఫీసు మెట్ల మీద ఇంజనీరమ్మ నిలబడి ఉంది. లోపల దాక్కోలేదు, అది ఒప్పుకోవాలి. మనిషి సన్నగా, నిద్రలేనట్టుంది. మా వాళ్ల అరుపులు ఆగేదాకా ఆగి మాట్లాడింది.

"మీకిన్నాళ్లూ చవగ్గా వచ్చిన కరెంటు ఎవరి వాటా అనుకున్నారు? మీ ఐసు ఫ్యాక్టరీ ఒకటి. పెద్ద పెద్ద హోటళ్లు పది. వాళ్ల చల్లగదులకి కూడా అదే చవక రేటు. కొండ మీద వాళ్లకి అసలు తీగే లేదు. ఇది న్యాయమేనా?"

బావ గొంతు విప్పాడు. ఆయన సభలో మాట్లాడ్డం నేను మొదటిసారి విన్నాను.

"వాళ్లకి వెలుగు వద్దని మేమన్లేదమ్మా. హోటళ్ల మీద పెంచండి. మాది ఆర్పకుండా వాళ్లది వెలిగించే దారి లేదా?"

"ఉంది" అంది ఆవిడ. "ఎవరికెంత అని విడదీసి చూస్తే ఉంది. నేనూ అదే రాసి పంపాను. అప్పిచ్చినవాళ్లు ఒప్పుకోలేదు, అందరికీ ఒకేసారి తియ్యమన్నారు. గడువు కూడా వాళ్లే పెట్టారు."

"మరి మేమెవర్ని అడగాలి?"

ఆవిడ మా వంక చూసి, చేతిలో కాగితాలు మడిచింది. నాకు ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది. అయినా బల్ల తడపాలి కదా. బండి పక్క గుమ్మం వైపు తిప్పాను.

పక్క గుమ్మం దగ్గర రేకుల పందిరి కింద పెద్ద వరస. కొత్త కనెక్షన్ల వరస. కాళ్లకి ఎర్రమట్టి, చేతుల్లో మూటలు. కొండ మనుషులు. వరస మధ్యలోంచి ఒక గొంతు లేచింది.

"అల్లుడూ! నువ్వేంటయ్యా ఇక్కడ?"

మా అత్త. నెత్తి మీద బుట్ట, బుట్టలో చెప్పులు. దారిలో అరిగిపోతాయని విప్పి నెత్తినెట్టుకుంది.

"నువ్వేంటత్తా ఇక్కడ? నన్ను పోలీసులకి పట్టిస్తానని ఎప్పుడూ అంటావుగా, స్టేషను అటువైపు."

"నీ మొహం. మీటరుకి రాయించుకోడానికొచ్చా. తెల్లారుజామున బయల్దేరాం ఊరందరం. ఏంటది గోనెకింద?"

చుట్టూ కొండ జనం మూగారు. నేను బావ వంక చూశాను. వెనక మా వాళ్లు అరుస్తున్నారు, ముందు వీళ్లు చూస్తున్నారు. బావే చెయ్యి చాచి గోనె తీశాడు.

అంత పెద్ద ఐసుని వాళ్లెప్పుడూ చూడలేదు. ఒకావిడ వేలు పెట్టి చటుక్కున తీసుకుంది. మా అత్త వంగి, నాలుక కొనతో అద్ది చూసింది.

"ఉప్పగా లేదేంటి? సముద్రం పక్కనే కదా చేస్తారు?"

"నీకోసమని ఉప్పు తగ్గించి చేశాం."

అప్పుడు లోపలున్నది కనిపించింది ఆవిడకి. రెండు చేతులూ దిమ్మ మీద ఆనించి, అద్దంలోకి చూసినట్టు చూసింది.

"దీపం పెట్టావా లోపల? నాకా అల్లుడూ?"

ఏం చెప్పను, ఇది మీకొచ్చే కరెంటు మీద కొట్లాటకి తెచ్చానత్తా అని చెప్పనా?

"నీకే అత్తా. ఇంకెవరికి?"

"కొండెక్కే లోపు నీళ్లైపోద్ది. దీపం తీసి జాగ్రత్తగా పంపించు" అని వరసలోకి వెళ్లిపోయింది. చోటు పోతుందని భయం.

బావ మళ్లీ గోనె కప్పాడు. బండిని ఇంటి వైపు తిప్పాడు. పొట్టులోంచి నీళ్లు కారుతూ మా వెనక రోడ్డు మీద గీత పడింది.

*

ఆ తర్వాత ఎన్నాళ్లో పట్టలేదు. ఒక సాయంత్రం స్విచ్చి వేస్తే కంప్రెసరు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. డాక్టరు స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెట్టాడు. అటు జరిగి పెట్టాడు, ఇటు జరిగి పెట్టాడు. మేమందరం చుట్టూ నిలబడ్డాం. చివరికి స్క్రూడ్రైవరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పవయ్యా" అన్నాడు ఓనరు.

"నేను ముందే చెప్పాను" అన్నాడాయన. అరవలేదు. వెళ్లి తన అన్నం డబ్బా తీసుకుని గుమ్మం దాటిపోయాడు.

కొత్తది కొనే తాహతు ఓనరుకి లేదు. తొట్టిలో చలి దిగిపోయింది. గడ్డ కట్టీ కట్టని డబ్బాల్ని మేమే పైకి తీసి బోర్లించాం. నీళ్లూ పెళుసు ముక్కలూ కాళ్ల మీద పడ్డాయి. అంతే మా ఆఖరి ఐసు. సముద్రం నిండా చేపలు, రేవు నిండా పడుకున్న బోట్లు.

బావ బోటుకి గిరాకీ లేదు. ఐసు లేని రేవులో బోటు ఎవరు కొంటారు? రేవులోకి ఒక కాంట్రాక్టరు లారీ వచ్చింది, కొండల్లో కరెంటు స్తంభాలు పాతడానికి మనుషులు కావాలని. అలల మీద పుట్టి పెరిగినవాళ్లు, గునపం పట్టడం తెలియనివాళ్లు, ఎగబడి ఎక్కారు. బావ మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, మీ ఊరి వైపేనంట. చలి ఎక్కువా అక్కడ?"

నా పెళ్లాం లోపలికెళ్లి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మందపాటి దుప్పటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "రాత్రిళ్లు ఎక్కువ అన్నయ్యా." గోడ అవతలి నుంచి అక్క అంతా చూస్తోంది. ఆ రోజు నుంచి నా పెళ్లాంతో మళ్లీ మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఎక్కువేం కాదు. "ఉప్పుందా?" అనేది. ఉందంటే, తీసుకోకుండానే వెళ్లేది.

ఎక్కేటప్పుడు నేను లారీ పట్టుకుని, "బావా, చెప్పులు జాగ్రత్త" అన్నాను. "కొండ మీద ఐసెక్కడ దొరుకుద్ది నీకు?" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూడలేక నేను పక్కకి తిరిగాను.

బల్బు సంగతి చెప్పాలి. ఆ దిమ్మని ఇంట్లో పెద్ద గంగాళంలో పెట్టాం. పొద్దంతా కరిగింది. నా పెళ్లాం పనులు మానుకుని పక్కనే కూర్చుంది. నీళ్లలో బల్బు బయటపడగానే తీసి, మేకు విప్పి, తుడిచి, నీడలో ఆరబెట్టి, పాత గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. డబ్బాలో బియ్యం తగ్గుతూ తగ్గుతూ మూట బయటికి కనిపించే వేళకి, ఊరికి తీగ వచ్చిందని కబురొచ్చింది.

బస్సు దిగి కొండెక్కేసరికి పొద్దు వాలుతోంది. బావ గుడారం దగ్గర్నుంచి మాతో వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అత్త ఇంటి ముందు కొత్త సిమెంటు స్తంభం, తెల్లగా. "ఇది మేం పాతిందే" అన్నాడు.

నేను ముక్కాలి పీటెక్కి బల్బు బిగించాను. వెలుగుతుందన్న నమ్మకం నాకు లేదు. సముద్రం ఒడ్డున ఐసులో మునిగి, గంగాళంలో తేలి, బియ్యంలో పడుకున్న బల్బు. నా పెళ్లాం స్విచ్చి మీద చెయ్యి పెట్టి, వాళ్లమ్మ చెయ్యి తెచ్చి దాని మీద పెట్టింది.

వెలిగింది.

బయట పిల్లలు కేక పెట్టారు. వీధి చివర ఆసుపత్రి గదిలో కూడా వెలుగొచ్చిందని, నర్సమ్మ ఫ్రిజ్‌లోంచి బట్టలు తీసి బయట పడేస్తోందని ఎవరో అరిచారు. నా పెళ్లాం గుమ్మంలోకి వెళ్లి అటే చూస్తూ నిలబడిపోయింది. వీపు మాత్రమే కనిపించింది మాకు.

అత్త ఇల్లంతా తిరిగి చూసుకుంది. ఆ వెలుగులో బావ చేతులు చూశాను. అరచేతులు పగిలి, గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాయి. వలతాడు లాగిన చేతులకి కాయలు వేరే చోట ఉంటాయి. గునపానికి వేరే చోట లేస్తాయి. రెండూ కనిపిస్తున్నాయి.

"ఇక చూసుకో అల్లుడూ" అంది అత్త. మూలనున్న సగం అల్లిన బుట్ట లాక్కొచ్చి బల్బు కింద కూర్చుంది. వెదురు బద్దలు ఒళ్లో పరుచుకుంది. "ఇన్నాళ్లూ పొద్దుగూకితే చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు రెట్టింపు అల్లుతా. చెప్పు, ఈ సీజనుకి రేవుకి ఎన్ని పంపమంటావు?"

రేవులో ఐసు లేదని, బుట్టలక్కర్లేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. స్తంభాలు పాతడానికొచ్చిన బావ కూడా చెప్పలేదు.

నా పెళ్లాం గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. నేను నోరు తెరిచాను. నా నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండదని రేవంతా పేరు. ఏదో ఒకటి వస్తుందని నేను కూడా ఆగి చూశాను.

"అల్లు అత్తా" అన్నాను. "అల్లుతూ ఉండు. చెప్తాను."

బావ లేచి బయటికి పోయాడు. వెనకే వెళ్లాను. వాకిట్లో సగం చీకటి, కిటికీలోంచి పడ్డ వెలుగు సగం. ఆయన స్తంభం దగ్గర నిలబడి, గుడ్డ చుట్టని ఒక్క వేలు మడిచి, కణుపుతో కొట్టాడు. చెవి దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి కొట్టాడు.

"గట్టిదే బామ్మర్దీ" అన్నాడు.

లోపల బల్బు కింద వెదురు బద్ద చీలుస్తున్న చప్పుడు మొదలైంది.